తలుపు గాడిద

13 ఫిబ్రవరి 2002, బుధవారం

నాకు డైరీ రాసే అలవాటు లేదు. చెప్పాల్సింది నోటితో చెప్పేస్తే ఇక రాయడానికేం మిగులుతుంది? కానీ నిన్న గుంటూరులో డాక్టరు నా నోటికి తాళం వేశాడు. అందుకని ఎరువుల కొట్టువాళ్లు కొత్త సంవత్సరానికి ఇచ్చిన ఈ డైరీ తీశాను. ప్రతి పేజీ అడుగునా పురుగుమందు గురించి ఒక సలహా ఉంది. వాటిలో రెండు అచ్చుతప్పులు ఇప్పటికే దిద్దాను.

స్వరపేటిక మీద కాయ కాసింది. పార పట్టిన చేతికి కాయలు కాసినట్టే అరిచిన గొంతుకీ కాస్తాయట. నిన్న తీసేశారు. కేన్సరు కాదు, ఆ సంగతి ముందే తేల్చారు. పుండు పూర్తిగా మానేదాకా నలభై రోజులు మాట్లాడకూడదు. గుసగుసలు అసలే కూడదు, అవి మాటకన్నా చేటట. గట్టిగా దగ్గకూడదు. కారం తినకూడదు. నవ్వకూడదు.

"నవ్వు గురించి మీకు బెంగ వద్దు" అని పలక మీద రాసి చూపించాను. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో నేను క్లాసులో నవ్వగా చూసిన పిల్లవాడు లేడు.

"మామూలు వాళ్లకి మూడు వారాలు చాలండీ. టీచర్లకి మాత్రం నలభై చెబుతాను. ఎలాగూ సగం రోజులు దొంగతనంగా మాట్లాడేస్తారు" అన్నాడాయన. నేను ఆ రకం కాదు. నియమం తప్పితే కాయ మళ్లీ కాస్తుందనీ, రెండోసారి కోస్తే గొంతు ఉంటుందో పోతుందో చెప్పలేననీ కూడా అన్నాడు. పదో తరగతి బి సెక్షన్ చివరి బెంచీ దాకా మైకు లేకుండా వెళ్లే గొంతు నాది. అది పోతే నేను రూతమ్మ టీచర్ని కాను. రిజిస్టర్లో సంతకం పెట్టి ఓ మూల కూర్చునే ఎవరో ఆడమనిషిని.

కాబట్టి నలభై రోజులు ఉంటాను. ఉండగలను.

14 ఫిబ్రవరి, గురువారం

చిక్కంతా అమ్మతో.

అమ్మకి డెబ్బై అయిదు దాటాయి. చెవుడు. పక్కన నిలబడి గొంతు చించుకుంటే వినిపిస్తుంది. మా ఆయన పోయి అమ్మ నా దగ్గరికొచ్చాక ఎనిమిదేళ్లుగా అలాగే చించుకుంటున్నాను. "అమ్మా, మాత్ర వేసుకున్నావా" అని నేనడిగితే రైల్వే గేటు దగ్గర నిలబడ్డవాళ్లు తలలూపుతారు. పోనీ రాసి చూపిద్దామంటే చదువు రాదు. వందలమంది పిల్లలకి అక్షరాలు దిద్దించాను, ఇంట్లో మనిషికి దిద్దించలేకపోయాను. ఎప్పుడు కూర్చోబెట్టినా "ఇప్పుడు నేను కలెట్రు ఉద్దోగం చెయ్యాలా" అని లేచిపోయేది. ఇప్పుడు నాకు నోరు లేదు, ఆవిడకి చెవి లేదు. మధ్యలో పలక ఉంది గానీ దాంతో ఆవిడకి పని లేదు.

మొన్న మా లెక్కల మాస్టారు జయరావు గారు నన్ను ఆసుపత్రి నుంచి తెచ్చి దింపి, అమ్మ చెవి దగ్గర చేరి విషయమంతా అరిచి చెప్పి వెళ్లారు. అమ్మ "ఆఁ, ఆఁ" అంది. ఆయన గుమ్మం దాటగానే నా వైపు తిరిగి "ఏమంటాడు ఆ మాస్టారు?" అంది. మగగొంతులు అమ్మకి సరిగ్గా అందవు. నాదే అందుతుంది.

అందుకని ఈ రోజు నేనే చెప్పాను, సైగలతో. నా గొంతు చూపించాను. గోతంలోంచి ఒక ఎండుమిరపకాయ తీసి "కాయ" అన్నట్టు పట్టుకుని చూపించాను. మళ్లీ గొంతు చూపించాను. కాయని దూరంగా గిరాటేశాను. పెదాల మీద వేలు పెట్టుకున్నాను. పదేసి వేళ్లు నాలుగుసార్లు చూపించాను. ఇంతకన్నా తేటగా ఎవరూ పాఠం చెప్పలేరు.

అమ్మకి బాగా అర్థమైంది. కళ్లు తుడుచుకుని నా తల నిమిరింది.

17 ఫిబ్రవరి, ఆదివారం

అమ్మకి ఏమీ అర్థం కాలేదు.

గుడికి, అదే మా చర్చికి, వెళ్లేసరికి ఆడవాళ్లంతా లేచి నాకు ముందు వరసలో చోటిచ్చారు. మా పక్కింటి పుల్లమ్మ నా చేతులు పట్టుకుని "వందనాలు టీచరమ్మా, ఎంత గొప్ప మొక్కు పట్టావు" అంది. ఏం మొక్కని కనుబొమలెత్తాను. అమ్మ ఊరంతా చెప్పి వచ్చిందట. తన కూతురు ఈస్టరు ముందొచ్చే లెంటు ఉపవాసాల నలభై రోజులూ మాట్లాడదనీ, మిరపకాయ ముట్టదనీ, వాటి తొలిరోజు భస్మ బుధవారం నాడే మొదలుపెట్టిందనీ.

ఆలోచిస్తే అమ్మ తప్పేం లేదు. మాట లేదు, కారం లేదు, నలభై రోజులు, మొదలైంది భస్మ బుధవారం. మా పేటలో ఎవర్ని అడిగినా అదే జవాబు చెబుతారు. డాక్టరు ఆపరేషన్ ఒక వారం ముందో వెనకో పెట్టి ఉంటే ఈ గొడవ ఉండేది కాదు.

పలక తీసి పుల్లమ్మకి "ఆపరేషన్" అని రాసి చూపించాను. "కళ్లజోడు ఇంటికాడ ఉందమ్మా, ఏం రాశావో గానీ ఆమేన్" అంది. ఇంతలో పాస్టరు ఇమ్మానియేలు అయ్యగారు వచ్చి "ఈ రోజుల్లో ఇంత నిష్ఠ ఎవరికుంది" అని అందరి ముందూ అన్నారు. ఆయనకి కళ్లజోడు ఉంది. పలక నా చేతిలోనే ఉంది. ఆరాధన మొదలయ్యే వేళ కదా, తర్వాత చెప్పొచ్చని పలక చెరిపేశాను.

18 ఫిబ్రవరి

అబద్ధం నోటితో ఆడితేనే అబద్ధం. నేను నోరే తెరవలేదు. స్కూల్లో వాళ్లకి ఆపరేషన్ అని తెలుసు, గుడిలో వాళ్లకి మొక్కు అని తెలుసు. మా స్కూలు ఎనిమిది కిలోమీటర్ల అవతల పల్లెలో ఉంది. రెండిటికీ రాకపోకలు లేవు.

20 ఫిబ్రవరి, బుధవారం

సాయంత్రం అయిదింటికి అమ్మ టీవీ ముందు కూర్చుని ఒంటరిగా పగలబడి నవ్వుతోంది. వెళ్లి చూశాను.

కేబుల్ వీరబాబు తన లోకల్ చానల్లో ఖాళీగా ఉన్నప్పుడు ఏదో ఒకటి వేస్తుంటాడు. ఇది ఏ దేశం బొమ్మల సినిమానో, పేర్లు పడే అక్షరాలు నాకు తెలిసిన ఏ భాషా కాదు. మాటలు లేవు. పిల్లనగ్రోవి లాంటిదేదో మోగుతుంటుంది. ఒక గాడిద వీపు మీద తలుపు మోసుకుంటూ నడుస్తుంది. ఇంటి తలుపే, చట్రంతో సహా, గొళ్లెంతో సహా. కుక్క ఒకటి దాన్ని తరుముతుంది. గాడిద ఖాళీ పొలం మధ్యలో ఆగి తలుపు నిలబెట్టి, తీసి, లోపలికి వెళ్లి, వేసుకుంటుంది. చుట్టూ గోడ లేదు. కుక్క పక్కనుంచి రెండడుగులు వేస్తే గాడిద దొరుకుతుంది. కానీ కుక్క ఆగి, కాళ్లు తుడుచుకుని, తలుపు కొట్టి, నిలబడుతుంది. సాయంత్రమయ్యేదాకా నిలబడుతుంది. గాడిద అవతల పక్క కూర్చుని పత్రిక చదువుకుంటుంది.

ఏడు నిమిషాలు. దీనికి అమ్మ కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వింది. ఏమనాలో తెలియలేదు. తెలిసినా అనలేను.

22 ఫిబ్రవరి, శుక్రవారం

ఇందులో నవ్వాల్సిందేమీ లేదని రాసి నిరూపిస్తాను. హాస్యానికి ఒక కారణం ఉండాలి. లోభిని చూసి నవ్వుతాం, వాడి లోభం వల్ల. డాంబికుణ్ణి చూసి నవ్వుతాం, వాడి డాంబికం వల్ల. ఈ గాడిద లోభి కాదు, డాంబికుడు కాదు, తెలివితక్కువ కూడా కాదు. దానికి ఏ సంగతీ వింత కాదు, అంతే. నిన్న ఏరు అడ్డం వచ్చింది. గాడిద నీళ్లలో తలుపు నిలబెట్టి తెరిచింది. ఏరు మొత్తం ఆ తలుపులోంచి లోపలికి వెళ్లిపోయింది, చిట్టచివర ఒక చేప వెనక్కి తిరిగి తలుపు వేసింది.

చేప తలుపు వేయడానికి కారణం ఏమిటి? కారణం లేదు. కాబట్టి హాస్యం లేదు. నిరూపించాను.

నిన్న కూడా ఎందుకు చూశానంటే, విమర్శించాలంటే చూడాలి కదా.

23 ఫిబ్రవరి

చివర వెళ్లింది ఆ చేపే. ఆఖరున వెళ్లేవాళ్లు తలుపు వేయాలి. అదీ కారణం.

25 ఫిబ్రవరి, సోమవారం

ఈ రోజు చూడలేదు.

26 ఫిబ్రవరి, మంగళవారం

ఈ రోజు కూడా చూడదలుచుకోలేదు. అయిదింటికి కరెంటు పోయింది. పోయినప్పుడు అనుకోకుండా "అరెరే" అనబోయి నోరు మూసుకున్నాను. పదమూడు రోజుల నిష్ఠ ఒక గాడిద కోసం మంటగలిసేది.

1 మార్చి, శుక్రవారం

ఇప్పుడు నాకొక పద్ధతి కుదిరింది. అయిదుకి పది నిమిషాలుండగా తువ్వాలు మడిచి ఒళ్లో పెట్టుకుంటాను. నవ్వు వచ్చేలా ఉంటే పళ్ల మధ్య పెట్టి నొక్కుతాను. అప్పటికీ ఆగకపోతే సంధి సూత్రాలు మనసులో వల్లె వేస్తాను. గుణసంధికి ఆగుతుంది. మొన్నటి భాగంలో మాత్రం వృద్ధిసంధి దాకా వెళ్లాల్సి వచ్చింది: దొంగ తలుపు ఎత్తుకుపోయి, ఊరి చివర దించి, ఏముందో చూద్దామని తెరిస్తే లోపల గాడిద టీ తాగుతోంది. దొంగకి కూడా ఒక కప్పు పోసి ఉంచింది.

బొమ్మ అయిపోయాక అమ్మ వక్క నోట్లో వేసుకుంటూ అంది. అమ్మ ఇప్పుడు నాతో తెగ మాట్లాడుతోంది, అడ్డుపడేవాళ్లు లేరు కదా.

"చెంచయ్య గారింట్లో నలపయ్యేళ్లు మిరగాయలకి తొడిమలు తీశా. ఆళ్ల ముందు తలుపు ఏం రంగో నాకు తెలవదే పిల్లా. పెరటి గుమ్మం కాడ నిలబడేదాన్ని, పిలిచిందాకా. ఎండయినా, వానయినా. ఈ గాడిద్ని చూడు. ఎవురి గుమ్మం కాడా నిలబడడు. ఈడి తలుపు ఈడే మోసుకొచ్చుకున్నాడు. ఎవురొచ్చినా ఈడి కాడికొచ్చి కొట్టాల్సిందే." అని మళ్లీ నవ్వింది. "కుక్క గూడా కాళ్లు తుడుచుకోవాల్సిందే!"

నేను ఎం.ఏ.లో హాస్యం గురించి ఒక పేపరంతా రాశాను. మంచి మార్కులే వచ్చాయి. ఈ ముక్క అందులో లేదు.

పిలిచిందాకా నిలబడిన ఆ రోజుల్లో అమ్మ కొంగు పట్టుకుని నేను కూడా నిలబడ్డాను. అప్పుడు నాకు ఆరేళ్లో ఏడేళ్లో. ఆ సంగతి అమ్మకి గుర్తుందా అని అడగాలనిపించింది.

6 మార్చి, బుధవారం

టీవీకి గొంతు పోయింది. బొమ్మ వస్తోంది, శబ్దం రాదు. రిపేరుకిస్తే వారం పది రోజులు ఉంచేసుకుంటారు, అన్నాళ్లు అమ్మకి కాలక్షేపం ఎలా? అమ్మ కోసమే అలాగే ఉంచాను.

విచిత్రం ఏమిటంటే పిల్లనగ్రోవి లేకపోయినా అమ్మ సరిగ్గా నవ్వాల్సిన చోటల్లా నవ్వింది. అసలు శబ్దం పోయిందని గమనించినట్టే లేదు. అలవాటు పడిపోయింది, పాపం.

7 మార్చి

ఒకే గదిలో ముగ్గురం: మాట్లాడని నేను, వినని అమ్మ, మూగ టీవీ. మా పెంకుటిల్లు ఇంత ప్రశాంతంగా ఎప్పుడూ లేదు. ఈ ఎనిమిదేళ్లలో అమ్మా నేనూ పక్కపక్కన కూర్చుని ఏడు నిమిషాలు గడిపింది లేదని ఈ రోజే తోచింది. నేను ఎప్పుడూ నిలబడి అరుస్తూనే ఉన్నాను.

9 మార్చి, శనివారం

పుల్లమ్మ జున్ను తెచ్చింది. వాళ్ల గేదె రెండుసార్లు చూడి పోగొట్టుకున్నాక ఈసారి బతికిన పెయ్యదూడని ఈనిందట. నా మొక్కు ఫలమేనట. నేనేం ప్రార్థించలేదని పలక మీద రాశాను. ఈసారి కళ్లజోడు తెచ్చుకుంది. కూడబలుక్కుని చదివి, "అడక్కుండానే ఇప్పించావంటే ఇంకా గొప్పే" అంది.

జున్ను బాగుంది. మిరియం వేయకుండా చేసింది, నా గొంతు కోసం. కాదు, నా మొక్కు కోసం.

అయ్యగారు కబురు పంపారు. వచ్చే శుక్రవారం సాయంత్రం ప్రార్థన కూటం మా ఇంట్లోనే పెడతారట. "మౌనంగా ఉన్న ఇంట్లో ప్రార్థిస్తే బలం." ఆయన వచ్చినప్పుడు నిజం రాసి చూపిస్తాను. తప్పకుండా.

11 మార్చి, సోమవారం

జయరావు మాస్టారు వచ్చి గంట కూర్చున్నారు. పదో తరగతికి నా బదులు తెలుగు ఆయనే చెబుతున్నారు. ఛందస్సు చెబుతూ గురువుల్నీ లఘువుల్నీ కూడి, తీసి, శేషం తెచ్చారట. పిల్లలకి పరీక్షలు పది రోజుల్లో ఉన్నాయి. "మీ గొంతు లేకపోతే క్లాసు క్లాసులా లేదండీ" అన్నారు. విని గర్వపడ్డాను, వెంటనే భయమేసింది. ఇంకా పద్నాలుగు రోజులు. వచ్చాక అది పాత గొంతేనా? రాకపోతే?

వస్తుంది. నేను నియమం తప్పలేదు.

15 మార్చి, శుక్రవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

కూటం నాలుగింటికి మొదలైంది. ఇరవై మంది ఆడవాళ్లు, అయ్యగారు, గది నిండిపోయింది. నేను ముందే కాగితం మీద నిజమంతా రాసి డైరీలో పెట్టుకున్నాను. ప్రార్థన అవగానే ఇద్దామని. అయ్యగారి ప్రార్థన ఎప్పుడూ అరగంట. ఈ రోజు మౌనం మీద మొదలుపెట్టి, నిష్ఠ మీదికి వెళ్లి, గడియారం అయిదు కొట్టినా ఆపలేదు. అందరూ కళ్లు మూసుకుని ఉన్నారు. అమ్మ మాత్రం మూలన కూర్చుని గడియారం చూసింది. లేచి టీవీ పెట్టింది. శబ్దం లేదు కదా, ఎవరికీ తెలియలేదు. నాకు తెలిసింది, ఎందుకంటే నా కళ్లు అయిదింటికి వాటంతటవే తెరుచుకున్నాయి.

తువ్వాలు దండెం మీద ఉంది.

గాడిద పొలం మధ్యలో తలుపు నిలబెట్టుకుని లోపల పడుకుంది. ఎదురుగా ఒక సైన్యం వచ్చింది. ఫిరంగి తెచ్చారు. సేనాపతి కత్తి దించాడు. ఫిరంగి పేలింది. గుండు గాలిలో దూసుకుంటూ వచ్చింది. సరిగ్గా అప్పుడే అయ్యగారి ప్రార్థన, తలుపు తట్టే క్రీస్తు దగ్గరికి చేరింది. "తలుపు దగ్గర నిలబడిన వాణ్ణి చూడు తల్లీ! ఎంత శక్తిమంతుడు! అయినా తోసుకుని రాడు! కొడతాడు, ఆగుతాడు!" టీవీలో గుండు తలుపు ముందు గాల్లో ఆగింది. అటూ ఇటూ చూసింది. కిందికి దిగి, కాళ్లు తుడుచుకునే పట్టా మీద అడుగుభాగం శుభ్రంగా తుడుచుకుంది. గుండుకి కాళ్లెక్కడివి? తర్వాత మెల్లగా రెండుసార్లు కొట్టింది.

"ఎవరి ఇంటి ముందు నిలబడ్డాడో చూడండి!" అన్నారు అయ్యగారు.

గుణసంధి పనిచేయలేదు. వృద్ధిసంధి పనిచేయలేదు. యణాదేశం మధ్యలో నేను నవ్వేశాను.

నవ్వు అనకూడదు దాన్ని. ఎండాకాలం బోరింగు కొట్టినప్పుడు వచ్చే శబ్దం. ఆపడం నా వల్ల కాలేదు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, పక్కటెముకలు పట్టేశాయి, ఇరవై జతల కళ్లు తెరుచుకుని నన్నూ టీవీనీ మార్చి మార్చి చూస్తున్నాయి. అమ్మ అయితే ఎవర్నీ పట్టించుకోకుండా గుండుని చూపిస్తూ "దానిక్కూడా మర్యాద తెలుసు చూడండే" అంటోంది.

నవ్వు ఆగాక గొంతు పట్టుకుని కూలబడ్డాను. కాగితం తీసి అయ్యగారికిచ్చాను. ఆయన పైకి చదివారు. ఇది మొక్కు కాదు, ఆపరేషన్. అమ్మ పొరపడింది, నేను దిద్దలేదు, మీరిచ్చిన గౌరవం బాగుండి దిద్దలేదు. క్షమించండి. పదో తరగతి పిల్లవాడు రాసినట్టుంది, ఒక్క తప్పు లేదు.

పుల్లమ్మే ముందు నోరు విప్పింది. "మరి దూడ సంగతేంది? ఇప్పుడు దాన్ని వెనక్కి పెట్టలేం గదా!"

ఈసారి అయ్యగారు నవ్వారు. తర్వాత అందరూ. నేను తువ్వాలు నోట్లో కుక్కుకుని బయటికి వెళ్లిపోయాను.

16 మార్చి

నిన్నటి నవ్వులో నా గొంతులోంచి శబ్దం వచ్చింది. అది నాది కాదు.

17 మార్చి, ఆదివారం

గుడికి వెళ్లలేదు. మింగుతుంటే నొప్పిగా ఉందా లేదా అని రోజంతా మింగుతూనే ఉన్నాను. ఎక్కువసార్లు మింగడం వల్లే నొప్పేమో.

అయిదింటికి టీవీ పెట్టనివ్వలేదు. అమ్మ నా మొహం చూసింది. నా పక్కన వచ్చి కూర్చుంది, ఊరికే, ఏడు నిమిషాలు.

18 మార్చి

ఒక గాడిద కోసం గొంతు పోగొట్టుకున్న టీచరని రికార్డుకెక్కుతానేమో. క్లాసులో ఎంతమందిని "గాడిదా" అని తిట్టానో లెక్కలేదు. వాళ్లందరూ ఎక్కడెక్కడున్నారో. చాలామంది మంచివాళ్లే.

21 మార్చి, గురువారం

టీవీ పెట్టాను. నవ్వు రాలేదు. భయం ఉన్నచోట నవ్వు రాదు. మిగతావాళ్లకి ఇది తెలిసే ఉంటుంది, నాకు యాభై రెండేళ్లకి తెలిసింది.

అమ్మ మాత్రం నవ్వింది. నవ్వుతూ మధ్యమధ్య నా వైపు చూసింది.

24 మార్చి, మట్టల ఆదివారం

రేపు గుంటూరు. ఈ రాత్రికి ఇంతకు మించి రాయలేను. ఏమైనా సరే, భరిస్తాను. ఇంతవరకూ ఏది భరించలేదు గనక?

25 మార్చి, సోమవారం

డాక్టరు గొంతులో చిన్న అద్దం పెట్టి చాలాసేపు చూశాడు. నవ్విన సంగతి ముందే కాగితం మీద ఒప్పుకున్నాను. "ఎంతసేపు నవ్వారు?" అన్నాడు. "మూడు నిమిషాలు" అని రాశాను. "అంత నవ్వడానికి ఏం చూశారు?" అన్నాడు. అది రాయడానికి పలక చాలదు.

"ఏం కాలేదండీ. బ్రహ్మాండంగా మానింది. పేరు చెప్పండి."

నలభై రోజుల తర్వాత నోరు తెరిచాను. "రూతమ్మ" అన్నాను. గొంతు వచ్చింది. తక్కువ గొంతు, కాస్త బరువుగా, ఇంతకు ముందు నాకు పరిచయం లేని మనిషిది. కానీ మాట నాదే. రూ-కి దీర్ఘం స్పష్టంగా పలికింది.

"ఇలాగే, ఈ స్థాయిలోనే మాట్లాడాలి ఇక. అరవకూడదు. ఈ నెలా వచ్చే నెలా కాదు, ఎప్పటికీ" అన్నాడు. బయట కూర్చున్న జయరావు మాస్టారుకి చెబితే "చొక్కాకి పెట్టుకునే చిన్న మైకులు వస్తున్నాయండీ, హెడ్మాస్టరుతో నేను మాట్లాడతాను, ఉద్యోగానికి ఢోకా లేదు" అన్నారు. చీరకి కూడా పెట్టుకోవచ్చని నేను దిద్దాను. బస్సు మా సత్తెనపల్లి చేరేదాకా ఆయనతో మాట్లాడుతూనే ఉన్నాను, మెల్లగా, వెనక సీటు వాళ్లకి కూడా వినపడకుండా. అలా మాట్లాడొచ్చని నాకెప్పుడూ తెలియదు.

దిగులంతా ఇంటి గుమ్మం దగ్గర మొదలైంది. స్కూలుకి మైకు ఉంటుంది. అమ్మకి? అరిస్తేనే వినిపించే మనిషికి ఈ గొంతు ఏం వినిపిస్తుంది? నేను అరవలేనంటే ఇక ఈ జన్మకి అమ్మకి నా మాట లేనట్టే.

అమ్మ గుమ్మంలోనే కూర్చుని ఉంది. ఎదురుగా నిలబడి "అమ్మా" అన్నాను.

"వచ్చిందా గొంతు!" అంది అమ్మ. లేచి నా రెండు బుగ్గలూ పట్టుకుంది.

వినిపించింది! "వినిపించిందా అమ్మా? ఇంత చిన్నగా అన్నా వినిపించిందా?" అన్నాను. "ఆఁ, ఆఁ. కూసో, అన్నం పెడతా" అని లోపలికి నడిచింది. నేను వెనకే వెళుతూ డాక్టరు చెప్పిందంతా మొదలుపెట్టాను. అద్దం సంగతి, మైకు సంగతి. అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని గిన్నె మూత తీసింది. నేను "అమ్మా" అన్నాను. కూర కలుపుతోంది. "అమ్మా, వింటున్నావా?" అన్నాను. ఉప్పు డబ్బా అందుకుంది.

పక్కనున్న ఇత్తడి చెంబు తీసి నేల మీదికి వదిలేశాను. పుల్లమ్మ ఇంట్లో దూడ అరిచింది. అమ్మ వెనక్కి తిరగలేదు.

వెళ్లి ఆవిడ ఎదురుగా కూర్చున్నాను.

"అమ్మా, నీకు వినపడదా?"

నా పెదాలకేసి చూసి, గరిటెతో గిన్నె అంచు గీకింది. "ఎడమది ఎప్పుడో పోయింది. కుడిది మీ ఆయన పోయిన ఆ యేడాది వానల్లో పోయింది" అంది.

"మరి నేను అరుస్తుంటే ఆఁ, ఆఁ అనేదానివి గదే?"

"నీ మొహం చూత్తే తెలిసేది, ఏమడుగుతున్నావో. అన్నం తిన్నావా, మాత్రేసుకున్నావా. ఇంకేం అడుగుతావు నువ్వు?"

"ఎనిమిదేళ్లు అరిచాను. ఒక్కసారైనా చెప్పొచ్చు కదమ్మా."

"చెబుదామనే అనుకునేదాన్ని. నువ్వేమో ఇంత దూరం బడికి పోయొచ్చి, నా పక్కన నిలబడి, మెడ మీద నరం ఇంత లావున ఉబ్బేట్టు అరిచేదానివి. నా కోసం ఇంత కట్టపడతంది పిల్ల, వినపట్టం లేదంటే ఏమైపోద్దోనని..." గరిటె కింద పెట్టింది. "పుల్లమ్మ ఏందో కత్తెరలాగా చూపించింది. గొంతు కోశారంటగా. అరిచీ అరిచీ పోయిందా అది?"

బడిలో అరిచి పోయిందని చెప్పాలి. నలభై అయిదు మంది పిల్లలు, ఇరవై ఎనిమిదేళ్లు. నలభై రోజులుగా నాకు నేను చెప్పుకున్నదీ అదే.

"కాయ కాసిందమ్మా" అన్నాను.

అమ్మ తన అరచేతులు చూసుకుంది. తర్వాత నా గొంతు మీద చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి గరుకుగా, వెచ్చగా ఉంది. నాకు ఏడుపు వచ్చింది. గట్టిగా వచ్చింది, ఏ సంధీ గుర్తు రాలేదు.

అమ్మ కంగారుగా నా మొహం తన వైపు తిప్పుకుంది. "ఏడవొచ్చన్నాడా డాక్టరు? ఏడిత్తే గొంతుకేం కాదంటనా? అడిగావా?"

వెలుతురు నా మొహం మీద పడేలా కిటికీ వైపు జరిగి కూర్చున్నాను.

"అడగలేదమ్మా" అన్నాను, మెల్లగా.